ఆకుకి గ్రాములు, నేలకి కిలోలు

ఎకరానికి 10 టన్నుల బంగాళాదుంపలు తవ్వి బస్తాలకెత్తామంటే, వాటితో పాటు 40 కిలోలకి పైగా పొటాషియం పొలం దాటిపోయినట్టే. ఇది తెలుసుకోవడానికి పెద్ద పరీక్షలేం అక్కర్లేదు. 100 గ్రాముల పచ్చి దుంపలో దాదాపు 420 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుందని ఏ పోషకాహార పట్టిక తిరగేసినా కనిపిస్తుంది. టన్నుకి నాలుగు కిలోల పైచిలుకు. ఎరువుల బస్తా మీద రాసే పొటాష్ (పొటాషియం ఆక్సైడ్) లెక్కలోకి మారిస్తే టన్నుకి ఐదు, పది టన్నులకి 50 కిలోలు. అదే పంటలో నత్రజని 30 కిలోల పైమాటే. ఇదంతా ఒక్క దుంపల్లో పోయేది. కాడ, ఆకు పెంచుకోవడానికి మొక్క తీసుకునేది వేరే.

ఇప్పుడు స్ప్రేయర్ లెక్క చూద్దాం. ఎకరానికి 200 లీటర్ల నీళ్లలో 2 శాతం యూరియా కలిపాం. లీటరుకి 20 గ్రాములు, మొత్తం 4 కిలోలు. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి చేతికి వచ్చేది కిలో ఎనిమిది వందల గ్రాములు. ఒక్క చుక్క కూడా నేల మీద పడకుండా అంతా ఆకే తాగిందనుకున్నా అంతే. పొటాషియం నైట్రేట్ ఒక శాతం కొడితే 900 గ్రాముల పొటాష్ అందుతుంది. యాభై కిలోలు ఇలా అందించాలంటే సీజన్ అంతా స్ప్రేయర్ భుజం మీంచి దించే పనే ఉండదు.

జింకు దగ్గరికొచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. 100 గ్రాముల దుంపలో జింకు 0.3 మిల్లీగ్రాములు. టన్నుకి మూడు గ్రాములు, పది టన్నులకి 30 గ్రాములు. అర శాతం జింకు సల్ఫేట్ ద్రావణం 200 లీటర్లు కొడితే అందులో ఉండే జింకే 200 గ్రాములు దాటుతుంది. సగానికి సగం వృథా అయిందనుకున్నా, ఆకుల వాటా తీసేసినా, ఇంకా మిగులే.

నా సేద్యంలో ఏది నేలకి, ఏది ఆకుకి అనే గొడవ వచ్చినప్పుడల్లా ఈ మూడు లెక్కల దగ్గరికే వెళ్తాను. కిలోల్లో కావలసినవి నేలలోంచే రావాలి. గ్రాముల్లో కావలసినవి ఆకు మీద పనిచేస్తాయి. మధ్యలో ఉండేవాటి గురించే అసలు వాదన, దాని సంగతి తర్వాత చెబుతాను.

మా బావ, నేను కలిసి సేద్యం చేస్తాం. స్ప్రేయర్ ఆయనది, ఎరువు కుప్ప నాది. "ఆకే తింటుంటే వేరు దాకా ఎందుకురా" అంటాడు. సీసా మీద పచ్చటి ఆకు బొమ్మ ఉంటే చాలు, ఆయనకి నచ్చేస్తుంది. నేను సీసా తిప్పి వెనకున్న శాతాలు చదువుతాను. "సముద్రపు నాచు సారం", "హ్యూమిక్ ఆమ్లం" అని ముందు పెద్దక్షరాల్లో ఉండి, వెనక నత్రజని, పొటాష్ ఎంతో రాయకపోతే దాన్ని ఎరువు కింద లెక్కేయను. అవి పనికిరావని కాదు. నాచు సారం ఎండ దెబ్బ, నీటి ఎద్దడి లాంటి ఒత్తిడిలో మొక్కకి కొంత సాయం చేయొచ్చు, కానీ ఫలితం ఒక చోట కనిపించి ఇంకో చోట కనిపించదు. ఆకలి తీర్చేవాటి జాబితాలో మాత్రం వాటికి చోటు లేదు.

ఇక నేల సంగతి. బంగాళాదుంప వేరు మహా బద్ధకస్తురాలు. ఎక్కువ భాగం పై అడుగు లోతులోనే తచ్చాడుతుంది. గట్టిపొర తగిలితే చీల్చుకుని కిందికి పోయే ఓపిక దానికి లేదు. అందుకే ఈ పంట నీటి ఎద్దడికి అంత త్వరగా చతికిలపడుతుంది. మాగిన ఎరువు వేయడం మొదలుపెట్టాక నాకు ముందు కనిపించిన మార్పు ఆకు రంగులో కాదు, మట్టిగడ్డల్లో. బోదె పొడిపొడిగా విడిపోతోంది. దుంప ఊరుతున్నప్పుడు పక్కన రాయిలాంటి గడ్డ ఉంటే అది అటు నొక్కుకుని వంకరపోతుంది. నేల ఒకసారి ఎండి మళ్లీ తడిస్తే దుంప మీద బొడిపెలు వస్తాయి, పగుళ్లు వస్తాయి. నేల గుల్లగా ఉండి తేమని పట్టి ఉంచితే ఈ రెండూ తగ్గుతాయి. ఏరేసే దుంపలు తగ్గితే అది కూడా దిగుబడే కదా.

పశువుల ఎరువులో పోషకాలు తక్కువని చాలామంది చిన్నచూపు చూస్తారు. నిజమే, నత్రజని అర శాతం, పొటాష్ కూడా సుమారు అంతే, భాస్వరం ఇంకా తక్కువ. అయినా ఎకరానికి పది టన్నులు తోలితే 50 కిలోల నత్రజని, 50 కిలోల పొటాష్ లోపలికి వెళ్లినట్టు. పొటాష్‌లో ఎక్కువ భాగం తొలి పంటకే దొరుకుతుంది. నత్రజని అలా కాదు. సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టాలి కాబట్టి తొలి పంటకి అందేది పావు వంతో, మూడో వంతో. మిగిలింది నేల తన దగ్గర దాచుకుని తర్వాతి పంటలకి ఇస్తుంది.

ఈ ఆలస్యం బంగాళాదుంపకి ఒక రకంగా మంచిదే. మొక్క భూమిలోపల స్టోలన్లు అనే పిలక కాడలు వేసి, వాటి కొసలు ఉబ్బడం మొదలయ్యే వేళ నత్రజని మరీ ఎక్కువైతే అది ఆకు మీద ఆకు వేసుకుంటూ దుంప తొడగడం వాయిదా వేస్తుంది. నాటేటప్పుడే అంతా కుమ్మరిస్తే జరిగేది ఇదే. పంట చివర్లో నత్రజని ఎక్కువైనా ఇబ్బందే. కాడ ఎండదు, తొక్క ముదరదు, దుంపలో నీరు ఎక్కువై ఘనపదార్థం తగ్గుతుంది. మాగిన ఎరువు నెమ్మదిగా వదిలే నత్రజని ఈ రెండింటి మధ్య సర్దుకుంటుంది. అయితే నేల చల్లగా ఉంటే సూక్ష్మజీవులు కదలవు, అప్పుడు మొదట్లో మొక్క కాస్త పాలిపోతుంది. అందుకని నాటేటప్పుడు కొంచెం త్వరగా అందే నత్రజని కూడా ఇస్తాను. పూర్తిగా కుప్ప మీదే ఆధారపడి పంట తీయగలిగితే సంతోషమే, నా ఇసుక నేలలో అది ఇంకా కుదరలేదు.

మాగిన ఎరువు అని మళ్లీ మళ్లీ ఎందుకంటున్నానో చెప్పాలి. దుంప నేలలోనే ఉంటుంది, ఎరువుని తాకుతూనే పెరుగుతుంది. పచ్చి పేడలో వేరుపురుగు గుడ్లు, కలుపు గింజలు, మనిషికి జబ్బు తెచ్చే క్రిములు ఉండొచ్చు. దుంప మీద గజ్జి తెగులు పెరిగే అవకాశం కూడా ఉంది. ఆ తెగులు తెచ్చే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవికి పొడి నేల, ఉదజని సూచిక (పీహెచ్) 5.5 దాటిన నేల ఇష్టం. కుప్ప లోపల 55 డిగ్రీలు దాటి వేడెక్కాలి, బయటి పొర లోపలికి పోయేలా తిప్పాలి, మళ్లీ వేడెక్కాలి. తిప్పి, తడిపినా ఇక వేడెక్కడం లేదంటే, గడ్డి పోచ పోల్చుకోలేనంతగా చివికిందంటే వాడుకోవచ్చు. గడ్డి ఎక్కువగా మిగిలిన కుప్పని తోలితే ఇంకో చిక్కు. గడ్డిలో నత్రజని ఒక వంతుకి కార్బన్ 80 వంతుల దాకా ఉంటుంది. దాన్ని చివికించడానికి సూక్ష్మజీవులు నేలలోని నత్రజనినే అప్పు తీసుకుంటాయి. పంటకి ఎరువు వేశామనుకుంటాం, పంట నోటి ముందు నుంచి లాక్కున్నట్టవుతుంది.

బయట నుంచి ఎరువు తెచ్చుకునేవాళ్లు తప్పనిసరిగా చేయాల్సిన పరీక్ష ఒకటుంది. పచ్చిక మేతల్లో వెడల్పాకు కలుపు చంపడానికి వాడే అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్ లాంటి మందులు గడ్డిలో ఉండిపోతాయి. ఆ గడ్డి పశువు తిన్నా అవి విరగవు, పేడలోకి అలాగే వస్తాయి. కుప్పలో మాగినా అంత తేలిగ్గా పోవు. బంగాళాదుంప, టమాటా, చిక్కుడు జాతి వీటికి చాలా సున్నితం. ఆకులు మెలితిరిగి, దొప్పల్లా ముడుచుకుపోతాయి. వైరస్ అనుకుని మందులు కొట్టేవాళ్లున్నారు. పరీక్ష చాలా చవక. కొన్ని కుండీల్లో ఎరువు కలిపిన మట్టి, కొన్నింటిలో ఉత్త మట్టి పోసి చిక్కుడు గింజలు వేయాలి. మూడు నాలుగు వారాల్లో కొత్త ఆకులు రెండు వరసల్లోనూ ఒకేలా విచ్చుకుంటే సరే. ఎరువున్న కుండీల్లో మాత్రమే ముడుచుకుంటే ఆ లోడు నా పొలంలోకి రాదు, ఉచితంగా ఇచ్చినా సరే.

కోళ్ల ఎరువు గురించి చాలామంది అడుగుతుంటారు. బలమైనదే. నత్రజని మూడు శాతం దాకా ఉంటుంది, త్వరగా విడుదలవుతుంది, లవణాలు ఎక్కువ. మొలక దగ్గర పచ్చిగా వేస్తే మాడుస్తుంది. నాకు అంతకంటే పెద్ద బెంగ భాస్వరం. నత్రజని అవసరమంతా ఈ ఎరువుతోనే తీర్చాలని చూస్తే పంట తీసుకునే దానికి ఎన్నో రెట్లు భాస్వరం నేలలో పేరుకుంటుంది. వానకి మట్టి కొట్టుకుపోయినప్పుడు అది చెరువుల్లో చేరి నాచు పెంచుతుంది. పొలంలో మిగిలింది జింకుని మొక్కకి అందనివ్వదు. సేంద్రియం కాబట్టి ఎంతైనా వేయొచ్చు అనే మాట నాకు అస్సలు నచ్చదు. భాస్వరానికి అది ఏ సంచిలోంచి వచ్చిందో తెలియదు.

అలాగే "ఒక్క సీజన్‌లో నేల కార్బన్ పెంచండి" అనే ప్రకటనలు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1843లో మొదలైన బ్రాడ్‌బాక్ ప్రయోగంలో ఒక మడికి ఏటా హెక్టారుకి 35 టన్నుల పశువుల ఎరువు వేస్తూ వచ్చారు. ఎకరానికి 14 టన్నులు. ఏ ఎరువూ వేయని మడితో పోలిస్తే అక్కడి సేంద్రియ పదార్థం రెండింతలు దాటింది, కానీ అలా పెరగడానికి దశాబ్దాలు పట్టింది. అక్కడిదే హూస్‌ఫీల్డ్ అనే చెక్కలో 1852 నుంచి 1871 దాకా ఎరువు వేసి ఆపేశారు. వందేళ్లు దాటాక కూడా ఆ మడి నేల పక్క మడి కంటే మెరుగ్గా ఉంది. ఎరువు బండి తోలేటప్పుడు నడుం నొప్పెడితే నేను తలుచుకునేది ఆ హూస్‌ఫీల్డ్‌నే.

ఎరువు చాలనప్పుడు పచ్చిరొట్ట. జనుము పూతకొచ్చే వేళ దున్నేసి, చివకడానికి రెండు మూడు వారాలు వదిలి నాటుకుంటాను. ముదరనిస్తే కాడ పీచుకట్టి గడ్డి లాంటి సమస్యే వస్తుంది. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు, నీళ్లుంటే చేయండి.

ఇప్పుడు బావ శాఖకి వద్దాం. ఆకు మీద పిచికారీ ఎప్పుడు నిజంగా పనిచేస్తుంది? మొదటిది, సూక్ష్మపోషకాల లోటు కళ్లకి కనిపించినప్పుడో, ఆకు పరీక్షలో తేలినప్పుడో. సున్నపు నేలల్లో జింకు, మాంగనీసు నేలకి వేస్తే నేలే మింగేస్తుంది, ఆకు దారి దగ్గర దారి. రెండోది, వేరు పనిచేయలేనప్పుడు. నాలుగు రోజులు నీళ్లు నిలిచి వేరు ఊపిరాడక ఉంటే, నేలలో ఎంతున్నా మొక్కకి అందదు. అప్పుడు పల్చటి యూరియా పిచికారీ మొక్క కోలుకునే దాకా నిలబెడుతుంది. యూరియా అణువుకి విద్యుదావేశం లేదు కాబట్టి ఆకు పైపొరలోంచి మిగతా లవణాల కంటే తేలిగ్గా జారిపోతుంది. కాకపోతే బైయూరెట్ (యూరియా తయారీలో పుట్టే మలినం) తక్కువగా ఉన్న యూరియానే ఆకు మీద కొట్టాలి, లేకపోతే ఆకు కొసలు మాడతాయి.

మధ్యలో ఉండేవాటి గురించి చెబుతానన్నాను కదా, మెగ్నీషియం అలాంటిది. ముదురు ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే అనుమానించాలి. పొటాష్ మరీ ఎక్కువ వేసిన చేలల్లో ఇది తరచుగా కనిపిస్తుంది, రెండూ వేరు దగ్గర పోటీపడతాయి. ఒక శాతం మెగ్నీషియం సల్ఫేట్ కొట్టి, వారం పది రోజులకి మళ్లీ కొడితే ఆకు తేరుకుంటుంది. కానీ వచ్చే పంటకి నేలలో సరిదిద్దకపోతే ఏటా ఇదే తంతు. ఏ ఆకు మీద లక్షణం కనిపిస్తోందన్నది ముఖ్యం. మొక్క లోపల కదలగలిగేవి, అంటే నత్రజని, పొటాషియం, మెగ్నీషియం తక్కువైతే ముదురాకు నుంచి లాక్కుని లేతాకుకి ఇస్తుంది, కాబట్టి ముదురాకు పాడవుతుంది. ఇనుము, జింకు లాంటివి అంతగా కదలవు, లేతాకు మీద తేలతాయి.

కదలనివాటిలో మొండిది కాల్షియం. దుంప లోపల గోధుమ మచ్చలు, మధ్యలో డొల్ల రావడంలో కాల్షియం లోటుకి పాత్ర ఉంది. అందుకని కాల్షియం సీసాలు ఆకు మీద కొట్టించేవాళ్లు ఎక్కువ. అసలు కిటుకు ఏమిటంటే, ఆకులోకి వెళ్లిన కాల్షియం దుంపకి దిగదు. అది నీటితో పాటు పైకే పోతుంది, ఆకు నుంచి వెనక్కి రాదు. పోనీ ప్రధాన వేరు పీల్చినదైనా దుంపకి వస్తుందా అంటే, ఆ నీళ్లన్నీ ఎండకి ఆవిరయ్యే ఆకుల వైపే పరిగెడతాయి. తడి మట్టిలో కూర్చున్న దుంప వైపు రావడానికి వాటికి పనేం లేదు. 1985లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి జీవన్ పల్టా, ఆయన సహ పరిశోధకులు దుంప మీద, దాన్ని మోసే స్టోలన్ల మీద ఉండే సన్నటి వేర్లే దుంపకి నీళ్లు తెస్తాయని చూపించారు. కాల్షియం కూడా ఆ వేర్ల దగ్గరే ఉండాలి. బోదె లోపల, దుంప పక్కన. అందుకే నేను మట్టి ఎగదోసేటప్పుడు జిప్సం బోదెలోనే వేస్తాను. జిప్సం ఉదజని సూచికని పెంచదు. అదే సున్నం వేస్తే కాల్షియం సంగతేమో గానీ గజ్జికి పీట వేసినట్టే.

ఇది చెప్పాక బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి ఆ సీసా ఏం చేద్దాం" అన్నాడు. టమాటాలకి కొట్టమన్నాను. అక్కడ కాయ మీదే పడుతుంది, ఎంతో కొంత ఆశ.

కలిపే దగ్గర జాగ్రత్త. కాల్షియం నైట్రేట్‌ని సల్ఫేటుతో, ఫాస్ఫేటుతో ఒకే ట్యాంకులో కలిపితే తెల్లటి మడ్డి అడుక్కి దిగి నాజిల్ మూసుకుంటుంది. జింకు సల్ఫేట్‌కి మోనో పొటాషియం ఫాస్ఫేట్‌తో కూడా అదే గొడవ. కొత్త మిశ్రమం ఏదైనా ముందు గాజు సీసాలో కొద్దిగా కలిపి అరగంట చూడాలి. ఎండలో కొట్టొద్దు. చుక్క ఆకు మీద తడిగా ఎంతసేపుంటే అంత లోపలికి పోతుంది కాబట్టి సాయంత్రం కొట్టడం మంచిది. అయితే లేట్ బ్లైట్ అనే ఆకుమాడు తెగులు వచ్చే చల్లటి, మబ్బు వాతావరణంలో రాత్రంతా ఆకు తడిగా ఉండటం తెగులుకి ఆహ్వానం. అలాంటి రోజుల్లో నేను మంచు ఆరాక పొద్దున్నే కొట్టమంటాను. ఇంకో మాట, సీసా మీద ఫాస్ఫైట్ అని ఉందా ఫాస్ఫేట్ అని ఉందా చూసుకోండి. ఫాస్ఫైట్ లేట్ బ్లైట్‌ని కొంత అణచగలదు, కానీ మొక్కకి భాస్వరం ఆహారంగా పనికిరాదు. భాస్వరం లోటున్న చేలో దాన్ని ఎరువనుకుని కొడితే లోటు అలాగే ఉంటుంది.

ఈ పంటలో నేలకి వేసేవన్నీ వేసేశాం. జింకు పిచికారీ మిగిలింది. నాలుగు వరసలు పిచికారీ లేకుండా వదిలి, వాటి దుంపలు విడిగా తూచి, గ్రేడు చేద్దామంటున్నాను. బావ ఒప్పుకున్నాడు గానీ ఆ వరసలు గట్టు పక్కన, ఎవరికీ కనపడని మూల పెట్టమంటున్నాడు. పాలిపోయిన వరసలు దారిన పోయేవాళ్లు చూస్తే పరువు పోతుందట. గట్టు పక్క వరసలకి ఎండ ఎక్కువ, నీళ్లు ఎక్కువ, పోటీ తక్కువ, అక్కడి తూకం దేనికీ పోలిక కాదు. వరసలు చేను మధ్యలోనే ఉండాలి, అది కూడా రెండు వేర్వేరు చోట్ల. కావాలంటే "ఇక్కడ పరీక్ష జరుగుతోంది" అని అట్ట మీద రాసి పెడతానన్నాను. రాయడానికి అట్ట తెచ్చాను, ఆయన ఇంకా సరే అనలేదు.